గంప పట్టని సందు

నా పేరు ముసలమ్మ. నవ్వుకోండి, పర్లేదు. మా ఇలవేల్పు పేరని పుట్టిన వారానికే పెట్టేస్తే, ఉయ్యాల్లో ఉండగానే ముసలమ్మనైపోయాను. ఇప్పుడంటే పేరుకు తగ్గ వయసొచ్చింది గానీ, నేను చెప్పబోయే ఎండాకాలంలో మాత్రం పెళ్ళయి ఏడాది తిరగని కొత్త కోడలిని. డెబ్బై ఎనిమిదో సంవత్సరం అది. విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున మా పేట. అప్పటికి మా పేటకీ మద్దిలపాలేనికీ నడుమ ఇన్ని మేడలు ఎక్కడివి? జీడితోటలు, సరుగుడు చెట్లు, ఎర్రమట్టి దిబ్బలు. వాటి మధ్యనుంచి ఒక కాలిదారి. గంపలదారి అంటే అందరికీ తెలిసేది.

తెల్లవారుతూనే పడవలు ఒడ్డుకొచ్చేవి. చేపలు ఏరి గంపల్లో వేసుకుని, ఎండ ముదరకముందే మద్దిలపాలెం చేరాలని ఆడవాళ్ళంతా ఒకరి వెనక ఒకరు నడిచేవారు. ఆ వరసకి ముందు మా అత్త గంగాలమ్మ. మనిషి పొట్టి, మెడ మాత్రం రోకలంత గట్టిది. మామ సముద్రంలో పోయాక ఆ గంపతోనే నా పెనిమిటి వరహాలుని సాకింది. మద్దిలపాలెంలో ఏ ఇంట్లో ఎవరు ఏ చేప తింటారో, ఎవరు శనివారం ముట్టరో ఆవిడకి కంఠతా వచ్చు. కొత్త కోడలి నెత్తిన ఏడాది దాటితేగానీ గంప పెట్టకూడదని ఆవిడ పట్టు. "సేపలెక్కడికీ పోవు గానీ, ముందు నీ కాళ్ళ పసుపు ఆరనీ" అనేది. నేను ఇంటిదగ్గరే ఉండి చేపలు ఎండబెట్టేదాన్ని.

ఆ ఏడు ఉగాది వెళ్ళాక దారికి అడ్డంగా గోడ లేచింది.

దారి పక్క జీడితోటని శ్రీరామ్మూర్తిగారని ఒకాయన కొన్నాడు. ఆనందపురం వైపు రైతు. చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. తోటలో పశువులు పడి కొత్త మొక్కలు మేసేస్తున్నాయని చుట్టూ రాతిగోడ కట్టించాడు. మా దారి పోయే చోట ఒక సందు వదిలాడు. ఆవు దూరకుండా సన్నగా, మెలిక తిరిగేలా, పైన రాతి దూలం వేసి మరీ వదిలాడు. మనిషైతే పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని దూరిపోవచ్చు. గంప ఎలా దూరుతుంది? మా గంపలు రెండు చేతులూ బార్లా చాపితేగానీ అంచులు అందని గంపలు.

బరువు మోసేవాళ్ళకి నడక ఒక లెక్క కాదు. దించడం, ఎత్తడం, అదీ నడుం విరిచేది. అందుకే ఒడ్డున ఇద్దరు పట్టి నెత్తికెత్తారంటే, మళ్ళీ అమ్మే చోటే ఇంకొకరు పట్టి దించాలి. మధ్యలో ముట్టుకోరు. ఇప్పుడా సందు దగ్గర గంప దించాలి. చేపలు గుడ్డలోకి వంచాలి. ఖాళీ గంపని నిలువునా తిప్పి అవతలికి లాగాలి. మళ్ళీ నింపాలి, మళ్ళీ ఎత్తాలి. ఒకరిది అయ్యాక ఇంకొకరిది. వరసలో చివరి మనిషి వంతు వచ్చేసరికి ఎండ చుర్రుమనేది, కవళ్ళ చేపల పొట్టలు మెత్తబడిపోయేవి. మెత్తబడ్డ చేపని మద్దిలపాలెంలో ఎవరు కొంటారు? చుట్టూ తిరిగి రోడ్డున వెళ్దామంటే అది మరీ దూరం.

గంప ఎత్తడానికి సాయంగా ఉంటానని అత్తతో సందుదాకా నేనూ వెళ్ళడం మొదలెట్టాను. ఎత్తిన ప్రతిసారీ ఆవిడ చెయ్యి మెడ వెనక్కి పోయేది. అడిగితే "ఏటీ నేదు" అనేది.

అత్త వెళ్ళి శ్రీరామ్మూర్తిగారినే అడిగింది. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి ఇద్దరికీ మజ్జిగ ఇప్పించాడు.

"నాను దారి మూసీసేనేటి గంగాలమ్మా? మనుషులు ఎల్లడానికే కదా సందు వొదిలేను. అది పెద్దది సేసేనంటే ఆవులొచ్చీసి మొక్కలన్నీ తినీవా?"

"మడుసులు ఎల్తారు బాబూ. గంపలు ఎల్లవు."

"గంపకి నానేటి సేత్తానమ్మా? కూసింత దించుకుని ఎత్తుకోండి."

అంతే. మజ్జిగ బాగుంది, మాటే బాగోలేదు.

ఆ సాయంత్రం వరహాలు వల బాగుచేసుకుంటూ, "మేం నలుగురం పలుగులట్టుకుని ఎల్తే తెల్లారీసరికి గోడుండదమ్మా" అన్నాడు.

"పడగొడితే ఇంకో గోడ కడతాడు. ఈపాలి ఆ సందు కూడా ఉండదు. నోరు మూసుకుని నీ వొల సూసుకో" అంది అత్త.

పేటలో టీకొట్టు తాతబాబుకి నాలుగక్షరాలు వచ్చు. దారులూ రోడ్లూ చూసే ఆఫీసుకి ఆయన చేత అర్జీ రాయించారు. చాలా రోజులు ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఇంక అది గోదాట్లో కలిసిపోయిందనుకుంటున్నప్పుడు తాతబాబు పరుగున వచ్చి చెప్పాడు, ఎల్లుండి పదకొండు గంటలకి ఓవర్సీరుగారు దారి చూడ్డానికి వస్తున్నారని.

చూడాలి ఇక మా పేట సంబరం! అత్త ఇల్లిల్లూ తిరిగి హుకుం జారీ చేసింది. ఆ రోజు ఎవరూ అమ్మకానికి వెళ్ళకూడదు. అందరూ తలంట్లు పోసుకోవాలి. పెట్టెలో కోకలు తీసి కట్టుకోవాలి. ఒక్క గంప కూడా కంటబడకూడదు.

"పెద్దమడిసి పనిగట్టుకుని మన కోసం వత్తన్నాడు. సేపనీళ్ళు కారతా ఎదురెల్తారేటే? సిగ్గునేదూ?"

ఎవరూ కాదనలేదు. మా వాళ్ళ పద్ధతే అది. అమ్మవారి గుడికి వెళ్ళినా, పిల్ల సంబంధం మాట్లాడ్డానికి వెళ్ళినా గంప ఇంటిదగ్గర బోర్లించి, ఒళ్ళు రుద్దుకుని వెళ్తాం. ఎదుటి మనిషికి ఇచ్చే మర్యాద. కాబట్టి ఆ రోజు పేటలో ప్రతి గుమ్మం ముందూ ఒక గంప బోర్లా పడుకుంది. మేమంతా జడల్లో కనకాంబరాలు పెట్టుకుని, పెళ్ళికి తరలివెళ్తున్నట్టు సందు దగ్గరికి వెళ్ళాం.

ఓవర్సీరుగారు స్కూటరు మీద వచ్చారు. గొడుగు, కొలిచే టేపు. నడివయసు, నెమ్మదైన మనిషి. అత్త కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చింది.

"ఇదేనా అమ్మా మీ దారి?"

"ఇదే బాబూ. మా అత్తల కాడ్నుంచీ ఇదే దారి."

"ఏదీ, ఎలా వెళ్తారో ఒకసారి నడిచి చూపించండి."

అత్త కొంగు దోపుకుని ముందు నడిచింది. ఒడుపుగా పక్కకి తిరిగి సందులోకి దూరి అవతల తేలింది. ఆవిడ వెనక మా పొరుగింటి చిట్టమ్మ, చిట్టమ్మ వెనక నేను, నా వెనక మిగతావాళ్ళు. ఒక్కరి కోక కూడా రాతికి తగల్లేదు. ఇన్నాళ్ళ అలవాటు మరి! ఓవర్సీరుగారు మెచ్చుకోలుగా చూశారు.

"గంప పట్టదు బాబూ!" అంది చిట్టమ్మ అవతలనుంచి.

"ఏ గంప?" అన్నారాయన చుట్టూ చూస్తూ.

అత్త రెండు చేతులూ చాపి, "ఇదిగో, ఇంతుంటాది బాబూ" అని చూపించింది. ఆయన తలూపారు. టేపు పెట్టి సందు కొలిచారు. ఏదో రాసుకున్నారు. "సరేనమ్మా, చూశాను కదా" అని స్కూటరెక్కారు. మేం పని అయిపోయిందనుకున్నాం. ఆ పూట అత్త అమ్మకానికి తీయాల్సిన వంజరం ముక్కలు కోసి పులుసు పెట్టింది. వరహాలు రెండుసార్లు అన్నం కలుపుకున్నాడు.

జవాబు వచ్చింది. తాతబాబు టీకొట్టు ముందు నిలబడి చదివాడు. కాలిదారి తెరిచియే ఉన్నది, స్త్రీలు సహితం సునాయాసముగా రాకపోకలు సాగించుచున్నారు, తదుపరి చర్య అవసరము లేదు.

 ఇంక చిట్టమ్మ నోరు ఊరుకుంటుందా?

"సింగారించుకుని రమ్మన్నదెవులు? కోకలు కట్టమన్నదెవులు? మన నోట్లో మనమే మట్టి కొట్టుకున్నాం గదే ఓలమ్మా!"

 ఎవరైనా ఒకటంటే పది వడ్డించే మనిషి అత్త. అలాంటిది తల దించుకుని ఇంటికొచ్చి చూరు కింద కూర్చుంది.  ఆ మర్నాటినుంచి వరసకి ముందు నడవడం మానేసింది. అందరికంటే వెనక, ఎవరికీ అడ్డం రానట్టు నడిచేది. వెనక నడిస్తే సందు దగ్గర ఆఖరి వంతు. చేప మెత్తబడిపోయేది. సగం అమ్మి సగం మోసుకొచ్చేది. ఒకటి రెండు ఇళ్ళవాళ్ళు వేరే చోట కొనుక్కోవడం మొదలెట్టారని చిట్టమ్మే చెప్పింది. ఇరవై ఏళ్ళ వాడుక ఇళ్ళు అవి. అవి పోతే ఆవిడకి ఇంకేముంది?

ఒకరోజు సందు దగ్గర గంప ఎత్తుతుంటే అత్త మోకాళ్ళు మడుచుకుపోయాయి. కవళ్ళన్నీ మట్టిపాలు.

"మెడలో ఏటో కలుక్కుమన్నాదే" అంది మెల్లగా.

ఇంటికి తీసుకొచ్చి ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టాను. మెడ తిప్పలేకపోతోంది. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"ఆ గంప నాకిచ్చీ అత్తా. నాను ఎల్తాను."

"ఏడాది అవనీ."

"ఏడాది అయ్యీసరికి నువ్వుండాలి గదా! అంతా ఆ ఓవర్సీరు బాబే సేసేడు. మనల్ని సూసేడు గానీ గంపని సూసేడా?"

అత్త మెడ తిరక్క మనిషంతా నావైపు తిరిగింది. నన్ను కొత్తగా చూసినట్టు చూసింది.

"అయితే సూడమందాం" అంది.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. మామూలు కోకలే. ఓవర్సీరుగారు మమ్మల్ని గుర్తుపట్టి బల్ల చూపించారు గానీ మేం నేలమీదే కూర్చున్నాం.

"మీ అర్జీ ముగిసిపోయిందమ్మా. నేను స్వయంగా వచ్చి చూశాను కదా? మీరే నడిచి చూపించారు."

"నడిసేం బాబూ. తప్పు మాదే. ఆ రోజు మీరు సూసింది మా కోకల్ని. మమ్మల్ని సూడ్నేదు. మీ ఎదుటికి సేపకంపుతో రాకూడదని గంపలు ఇంటికాడ బోర్లించీసి వచ్చీసేం. మేం ఆ దార్ని ఉత్త సేతుల్తో ఎల్లం బాబూ. ఉత్త సేతుల్తో ఎల్లడానికి మాకు మద్దిలపాలెంలో సుట్టాలున్నారేటి?"

ఆయన నవ్వారు. నవ్వి కలానికి మూత పెట్టారు.

"ఎప్పుడు రమ్మంటారు?"

"సూరీడు నీళ్ళలోంచి లెగిసీ ఏళకి. మంచి సొక్కా ఏసుకురాకండి బాబూ."

వస్తాడా రాడా అని పేటంతా రెండు పక్షాలైపోయారు. రాడని చిట్టమ్మ. వస్తాడని తాతబాబు. అత్త ఎవరితోనూ వాదించలేదు. అనుకున్న రోజు తెల్లవారుజామున ఒడ్డున నిలబడి, గంప చూపించి, "నిండా ఎయ్యి" అంది నాతో. నేను సగానికి ఆపేశాను.

"నీ మెడ సూసుకో అత్తా. సగం సాల్దేటి?"

"సగం గంప సూపిత్తే సగం సందు సాలనుకుంటాడే. ఎయ్యి."

అంచుదాకా వేశాను. చుట్టకుదురు సర్ది, నేనూ చిట్టమ్మా పట్టి ఎత్తాం.  చాలా రోజుల తర్వాత అత్త వరసకి ముందు నిలబడి నడిచింది.

ఓవర్సీరుగారు అప్పటికే సందు దగ్గర ఉన్నారు. చొక్కా మంచిదే వేసుకొచ్చారు పాపం. అత్త నేరుగా వెళ్ళి దూలం ముందు ఆగింది. వెనక వరసంతా ఆగింది.

"ఊఁ, వెళ్ళండమ్మా" అన్నారాయన.

"ఎలాగెల్లాలో మీరే సెప్పండి బాబూ."

ఆయన గంపని చూశారు. దూలాన్ని చూశారు. ఒకసారి ఇటూ అటూ నడిచి గోడ మెలిక చూశారు.

"అయితే దించండి."

"ఓ సెయ్యెయ్యండి బాబూ" అంది అత్త.

మా వైపు ఈ మాటకి ఎదురు లేదు. నెత్తిన బరువున్న మనిషి చెయ్యి వెయ్యమంటే, దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు వెయ్యాల్సిందే. కులం చూసుకోరు, కంపు చూసుకోరు, మొగుడూ పెళ్ళాలు కొట్టుకుంటున్నా ఆపి వచ్చి వేస్తారు. ఆయనా ఈ ప్రాంతం పల్లెలో పుట్టినవాడే అయ్యుండాలి. గొడుగు గోడకి ఆనించి ఒక అంచు పట్టుకున్నారు. రెండో అంచు నేను. బరువు చేతిలోకి వచ్చిందో లేదో "అమ్మో!" అన్నారు. చేపనీళ్ళు మణికట్టునుంచి మోచేతికీ, మోచేతినుంచి చంకలోకీ కారాయి. వదల్లేదు, అది మెచ్చుకోవాలి.

ఈ సందడికి వేపపుల్ల నములుతూ శ్రీరామ్మూర్తిగారు వచ్చాడు.

"బాబూ, మీరూ ఓ సెయ్యి" అంది అత్త.

ఆయనా వచ్చి వంగాడు. ఓవర్సీరుగారు గుడ్డ పరిచి పట్టుకుంటే శ్రీరామ్మూర్తిగారు గంప వంచాడు. చేపలు జారిపోతుంటే ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని ఏరారు. ఒక చేపను కాకి తన్నుకుపోయింది. ఖాళీ గంపని నిలువుగా తిప్పి అవతలికి లాగి, మళ్ళీ నింపి, మళ్ళీ ఎత్తి అత్త నెత్తిన పెట్టేసరికి ఇద్దరికీ చెమటలు పట్టాయి. అప్పుడు వెనక నిలబడ్డ చిట్టమ్మ గొంతు సవరించుకుని, "ఓ సెయ్యెయ్యండి బాబూ" అంది.

మూడో గంప అయ్యాక ఓవర్సీరుగారు గోడ మొదట్లో చతికిలబడ్డారు. వరస చూస్తే ఇంకా దిబ్బ మలుపుదాకా ఉంది.

"రోజూ ఇంతేనా?"

"ఎల్లీటప్పుడే బాబూ. వచ్చీటప్పుడు ఖాళీయే గదా, సులువు" అంది చిట్టమ్మ. దాని నోటికి ఆ రోజు మాత్రం మొక్కొచ్చు.

శ్రీరామ్మూర్తిగారు వేపపుల్ల ఉమ్మేశాడు. "దూలం తీయించీమంటారా?" అన్నాడు ఓవర్సీరుగారితో.

"దూలం ఒక్కటే కాదండీ. గోడ కూడా. ఎదురెదురుగా రెండు గంపలు వచ్చినా పట్టాలి. నేను ఇవాళే రాసి పంపిస్తాను."

"మరి ఆవులో?"

అత్త అవతలనుంచే అంది, నెత్తిన నిండు గంపతో, తల తిప్పకుండా: "తడిక కట్టించండి బాబూ. ఆకర్ని ఎల్లినది మూసుకుని ఎల్తాది. ఏ రోజైనా తీసుంటే వచ్చి నన్నడగండి."

"నిన్నే అడుగుతాను" అన్నాడాయన. మాట కుదిరిపోయింది.

సందు అవతల గంప మళ్ళీ నెత్తికెత్తినప్పుడు అత్త ముఖంలో రంగు పోవడం నేనొక్కదాన్నే చూశాను. అలాగే మద్దిలపాలెం వెళ్ళి అంతా అమ్ముకుని వచ్చింది. ఇంటి గుమ్మం ముందు నిలబడి నన్ను పిలిచింది. ఖాళీ గంప దించమని. గోడ పడేదాకా మెడకి విశ్రాంతి అంటూ ఇంటిదగ్గరే ఉండిపోయింది.

తొలకరి పడకముందే గోడ పడగొట్టారు. ఆ రాళ్ళు మోయడానికి వరహాలూ వాళ్ళూ పలుగులు పట్టుకుని పట్టపగలే వెళ్ళారు. శ్రీరామ్మూర్తిగారు అందరికీ మజ్జిగ పోయించాడు. వెదురు తడిక వచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున ఒడ్డున అత్త చేపలు ఏరింది. గంప నింపింది. చుట్టకుదురు తీసి నా నెత్తిన పెట్టింది.

"ఏడాది ఇంకా అవనేదు గదత్తా?"

"సేపలకి కేలండరుందేటే? పట్టు."

అత్తా చిట్టమ్మా ఎత్తారు. ఆ బరువు నెత్తిమీదికి దిగుతుంటే మెడ భుజాల్లోకి కుంగిపోయినట్టయింది. సందు ఉండే చోటుదాకా నేను మోస్తే, అక్కణ్ణుంచి ఆవిడ మోస్తుందనుకున్నాను. ఆ చోటు దాటిపోయాం. ఎవరూ ఆగలేదు. అత్త అందరికంటే చివర వచ్చి తడిక మూసి, మళ్ళీ నన్ను కలుసుకుంది. మద్దిలపాలెం వచ్చాక తీసుకుంటుందనుకున్నాను.

మొదటి ఇల్లు రామలక్ష్మమ్మగారిది. ఆవిడ గిన్నె పట్టుకుని మెట్లు దిగింది.

"ఇది నా కోడలమ్మా. ముసలమ్మ. రేపట్నుంచీ ఇదే వత్తాది. సావళ్ళు తెమ్మంటే తెత్తాది. పిల్లలకి ముళ్ళు తీసి కోసిమ్మంటే కోసిత్తాది."

"మరి నువ్వో గంగాలమ్మా?"

"నాను ఇంటికాడ సేపలు ఎండబెడతానమ్మా. అదీ పనే గదా."

అప్పుడు అర్థమైంది నాకు. ఆ నిండు గంపతోనే ఆవిడ మెడ అయిపోయింది. దారి తెరిపించింది గానీ ఆ దారిన గంపతో ఆవిడ నడవడం అదే ఆఖరు. రామలక్ష్మమ్మగారు చేపలు తీసుకుంటుంటే నాకు కన్నీళ్ళు ఆగలేదు. గంప మళ్ళీ నా నెత్తికెత్తి, అత్త తన కొంగుతో నా ముఖం తుడిచింది.

"ఏడవకే గుంటా. ఉప్పునీళ్ళు పడితే ఎండుసేపలనుకుని ఎవులూ కొనరు."

పక్క వీధి మొదట్లో ఆగింది. ఇళ్ళన్నీ తలుపులు వేసున్నాయి.

"కేకెయ్యి" అంది.

"నానా?"

"నువ్వు కాకపోతే సేపలేత్తాయేటి?"

నలుగురి ఎదుట ఎన్నడూ గొంతెత్తి ఎరగను నేను. మొదటిసారి గాలే వచ్చింది. రెండోసారి కళ్ళు గట్టిగా మూసుకుని, పొట్టలోంచి లాగి, సేపలోయ్ అని అరిచాను. వీధి చివర ఒక తలుపు తెరుచుకుంది, ఇంకొకటీ తెరుచుకుంది. అత్త నవ్వుతోందో ఏడుస్తోందో చూడాలనిపించింది. కానీ నెత్తిన బరువుంటే తల తిప్పకూడదు. నేను తలుపు తీసిన ఇంటివైపు నడిచాను.